బూత్‌లో కుర్చీ

ఎర్రయ్యను కొట్టినవాళ్ళెవరూ ఏకవచనంతో కొట్టలేదు. "రండి ఎర్రయ్యగారూ, ఇలా కూర్చోండి" అన్నారు. "చెయ్యి చాపండి" అన్నారు. గోదావరి పాయల మధ్య పుట్టినవాళ్ళకు చివర అండీ లేకపోతే మాట పూర్తయినట్టుండదు. దెబ్బ వేసేటప్పుడూ అంతే.

ఎర్రయ్యది ఏటిమెరక. కొత్తపేట నుంచి రావులపాలెం వచ్చే దారిలో, ఏటిగట్టు దిగువన ఉంటుంది. అతను అమలాపురం పార్లమెంటు స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా రెండుసార్లు పోటీ చేశాడు. రెండుసార్లూ డిపాజిట్ పోయింది. అంతకుముందు ఒకసారి అసెంబ్లీకి నామినేషన్ వేసి ఉపసంహరించుకున్నాడు. ఎప్పుడూ జెండా కట్టలేదు, మైకు పట్టలేదు, ఓటడగడానికి ఎవరి గడపా ఎక్కలేదు. ఊరు అతన్ని ఎంపీగారు అంటుంది. ఊరి చివర అతనుండే పేటలో వాళ్ళూ అలాగే అంటారు గాని, వాళ్ళు అనడంలో నవ్వు తక్కువ.

అతని పని కొబ్బరికాయలు వలవడం. నేలలో పాతిన ఇనుప గునపం మొన మీద కాయను గుచ్చి, ఒక విరుపు విరిచి, పీచు డొక్క ఊడదీసి పక్కకు విసరాలి. ఊళ్ళో కాయల షెడ్డు ఒక్కటే, దొరబాబుగారిది. పేటలో మగవాళ్ళలో సగంమంది అక్కడే వలుస్తారు, ఆడవాళ్ళు డొక్కలు మోస్తారు. కొబ్బరి లారీలు ఆ షెడ్డు నుంచే వెళ్తాయి. పేట ఓట్లు కూడా చాలాకాలం ఆ షెడ్డు నుంచే వెళ్ళాయి.

ఓటింగు జరిగే పద్ధతి ఇది. పేటవాళ్ళు పొద్దున్నే స్కూలు దగ్గరికి వెళ్ళి వరసలో నిలబడేవారు. లోపలికి వెళ్ళాక వేలికి సిరా పూసేవారు. ఓటు యంత్రం మీట దగ్గరికి వెళ్ళబోతే అక్కడ దొరబాబుగారి మనిషి నిలబడి ఉండేవాడు. "అయిపోయిందండీ మీది. ఎండలో నిలబడ్డారు పాపం, వెళ్ళి కాస్త మజ్జిగ తాగండి" అనేవాడు. బయట నిజంగానే మజ్జిగ ఉండేది. సిరా పూసిన వేలితో గ్లాసు పట్టుకుని తాగి ఇంటికి వెళ్ళేవారు.

పదిహేనేళ్ళ కిందటి ఎన్నికల్లో ఎర్రయ్య అన్న వెంకన్న మజ్జిగ తాగలేదు. వేలికి సిరా పూశాక గుమ్మంలో నిలబడిపోయాడు. తన ఓటు తనే వేస్తానన్నాడు, తన వెనకున్నవాళ్ళు వేసుకునేదాకా అక్కడే నిలబడి చూస్తానన్నాడు. ఆ రోజు ప్రిసైడింగ్ ఆఫీసరుగా వచ్చినాయన రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయనకు గొడవ వద్దు.

"ఇక్కడ నిలబడకూడదయ్యా" అన్నాడాయన. "లోపలుండి చూడ్డానికి నువ్వేమన్నా క్యాండిడేటువా?"

గదిలో ఏజెంట్లందరూ నవ్వారు. దొరబాబు మనుషులు వెంకన్న రెక్కలు పట్టుకుని స్కూలు వెనక్కి తీసుకెళ్ళారు. కొబ్బరి చెట్టు నుంచి అప్పుడే కొట్టిన పచ్చి మట్టలు అక్కడ పడి ఉన్నాయి. కొబ్బరి మట్ట దూరం నుంచి కర్రలా కనిపిస్తుంది గాని కర్ర కాదు. మొదలు పారంత వెడల్పు, అంచులు రంపంలా ఉంటాయి. పచ్చిదైతే మనిషి రెండు చేతులతో గాని ఎత్తలేడు. ఎత్తినవాడు దించేదాకా దాని బరువు ఆగదు. వెంకన్న చెవిలోంచి రక్తం వచ్చింది. తర్వాత అతను మాటలు మరిచిపోయాడు, పిల్లల పేర్లు మరిచిపోయాడు, ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

అన్నను ఆటో ఎక్కించి పంపి ఎర్రయ్య మళ్ళీ స్కూలుకు వచ్చాడు. చొక్కా ముందంతా అన్న రక్తమే. యంత్రాలకు సీలు వేస్తున్నారు.

"అయ్యా, క్యాండిడేటు అయితే లోపల కూర్చోవచ్చాండీ?" అని అడిగాడు.

ఆఫీసరు తలెత్తాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని కోపం తెచ్చుకోబోయి, ఆ చొక్కా చూసి తగ్గాడు. "కూర్చోవచ్చు. నియోజకవర్గంలో ఏ బూత్‌లోనైనా. పొద్దుట్నుంచి అయిపోయేదాకా."

"వెళ్ళిపొమ్మనరాండీ?"

"క్యాండిడేటుని ఎవరు పొమ్మంటారయ్యా?"

"ఆయ్" అన్నాడు ఎర్రయ్య.

అన్నను కొట్టించిన ఆ వెటకారాన్ని అతను మూటగట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. తర్వాత ఎన్నికలు వచ్చేదాకా ఎవరితోనూ అనలేదు, ఒక్క భార్య సత్యనారాయణమ్మతో తప్ప.

అయిదేళ్ళ తర్వాత గేదెను అమ్మి అసెంబ్లీకి నామినేషన్ వేశాడు. తెల్లారేసరికి ఊరంతా తెలిసింది. అసెంబ్లీ అంటే ఊళ్ళో ప్రతివాడికీ సొంత గొడవే. ఎవడికెవడు ఎన్ని ఓట్లు చీలుస్తాడన్నది వాళ్ళకు భూమి హద్దులాంటి విషయం. ఉపసంహరణ గడువు ఇంకా ఉండగా దొరబాబు మనుషులు అతన్ని షెడ్డుకు పిలిచారు. ట్రాక్టరు తోలే పండు గునపం మొనకున్న కొబ్బరిపీచు గుడ్డతో శుభ్రంగా తుడిచాడు.

"కాగితం మీద సంతకం పెట్టాలి కదండీ" అన్నాడు పండు. "కుడిచెయ్యి మీకు కావాలి. ఎడంచెయ్యి ఇవ్వండి."

ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. రోజంతా కాయలు ఎక్కి దిగే ఆ మొన మీదికి ఎర్రయ్య అరచేతిని దించారు. మొన చేతి వెనక నుంచి పైకి వచ్చింది. కాయను గుచ్చి ఎలా విరుస్తారో అలాగే కాస్త విరిచి, తీశారు. అరిచాడో లేదో ఎర్రయ్యకు గుర్తులేదు. చుట్టూ వలిచేవాళ్ళు చేతుల్లో కాయలతో ఆగిపోవడం మాత్రం గుర్తుంది. దొరబాబు కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కట్టు కట్టించిన ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి ఉపసంహరణకు తీసుకెళ్ళారు. ఎర్రయ్య కుడిచేత్తో సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఎడంచేతి రెండు వేళ్ళు ముడుచుకోలేదు. కాయ వలవడం పోయి డొక్కలు ఎత్తడం మిగిలింది. అదే షెడ్డులో, అదే గునపాల మధ్య. పని ఇంకెక్కడుంది?

ఆ తర్వాతి ఎన్నికలకు పెద్దదానికి, పార్లమెంటుకు, నిలబడమని సలహా ఇచ్చింది సత్యనారాయణమ్మే.

"ఎమ్మెల్యే అంటే వీళ్ళకి మొగుడూ పెళ్ళాల తగువంత దగ్గరయ్యా" అంది. "ఢిల్లీ వెళ్ళేవాడెవడైతే వీళ్ళకేం? ఆ మూలనున్న పేరు ఎవడు చూస్తాడు? పెట్టెలు రెండూ ఒకే గదిలో ఉంటాయిగా. దేనికి నిలబడితే నీకెందుకు, కుర్చీ కుర్చీయే."

ఆ మాట నిజమైంది. పార్లమెంటు స్వతంత్రుల వరసలో అతని పేరు ఎవరికీ కనబడలేదు. పోలింగు రోజు తెల్లారుతూనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డు మెడలో తగిలించుకుని బూత్‌లోకి వెళ్ళి కూర్చున్నాడు. మీట దగ్గర నిలబడబోయిన దొరబాబు మనిషిని, "మీరు అక్కడుండకూడదండీ" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కాని అన్నది అభ్యర్థి కనక ఆఫీసరు ఆ మనిషిని పంపించేయాల్సి వచ్చింది. పేటవాళ్ళంతా ఆ రోజు తమ వేళ్ళతో తామే నొక్కారు. ముసలాళ్ళు కొందరు నొక్కాక కూడా అక్కడే నిలబడి, ఇంకేమైనా చెయ్యాలా అని అడిగారు.

తర్వాత అతన్ని రెండు పార్టీలవాళ్ళూ కొట్టారు. వాళ్ళు పెట్టిన మనిషి అని వీళ్ళు ఒకరోజు, వీళ్ళు పెట్టిన మనిషి అని వాళ్ళు ఇంకో రోజు. ఏటిగట్టు మీద పడేసి డొక్కలో తన్నారు. రెండోసారి తన్నినవాళ్ళు, మొదటివాళ్ళు ఎక్కడ తన్నారో అడిగి మరీ అక్కడే తన్నారు. పక్కటెముకలు అతుక్కోవడానికి వానాకాలం పట్టింది.

*

మొన్నటి ఎన్నికలకు ఎర్రయ్య మళ్ళీ నామినేషన్ వేశాడు. ఈసారి ఊరు అతని పేరు వెతికి మరీ చూసింది.

దొరబాబు షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చుని కబురు పెట్టాడు. అరవై దాటిన మనిషి. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా. గొంతు ఎప్పుడూ పెంచడు.

"మళ్ళీ వేశారంటగా ఎంపీగారూ?"

"ఆయ్."

"ఈసారి ఎవరు పెట్టేరండీ డబ్బులు?"

"మా ఆవిడ మేకల్ని అమ్మిందండి."

"మేకలక్కూడా పార్లమెంటు కావలసొచ్చిందా!"

షెడ్డులో అందరూ నవ్వారు. ఎర్రయ్య కూడా కొంచెం నవ్వాడు.

"ఏం కావాలో చెప్పండి" అన్నాడు దొరబాబు. "పేటకి రోడ్డా? మీకు స్లాబు ఇల్లా? మీవాడు వీరేంద్ర ఆటో తోలుతున్నాడు కదా, కారు ఇప్పిద్దామా?"

"ఏం వద్దండి. బూత్‌లో కూర్చుంటానండి."

"కూర్చుని?"

"చూస్తానండి."

"ఏం చూస్తారు?"

"మావాళ్ళు ఎవరి ఓటు వాళ్ళు వేసుకుంటుంటే చూస్తానండి. ఏ మీట నొక్కుతారో నాకనవసరం. అది అట్ట చాటున నొక్కేది కదండీ."

దొరబాబు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. నలభై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్న మనిషి. ఏమీ అడగనివాడు పెద్దదేదో అడగబోతున్నాడని ఆయన నమ్మకం. ఎవరో వెనకున్నారు, పెద్దవాళ్ళే ఉన్నారు. అంతకుమించి ఆయనకు తోచలేదు.

"సర్లెండి. మీ ఇష్టం" అన్నాడు. ఎర్రయ్యకు ఆ రెండు మాటలు నచ్చలేదు.

ఇంట్లో వీరేంద్ర అన్నం పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. అతనికి పెళ్ళయి ఏడాది. పెళ్ళాం హేమది ఉప్పలగుప్తం. అక్కడ రొయ్యల షెడ్డులో పనిచేసిన పిల్ల. ఎవరికీ జంకే రకం కాదు, అలాగని నోరు పారేసుకునేదీ కాదు.

"పెదనాన్నని చంపేరు. నీ చెయ్యి పోయింది. ఇంకెవరున్నారు నాన్నా, నేనేగా?" అన్నాడు వీరేంద్ర.

"నీ జోలికి ఎందుకొస్తార్రా?"

"నీ జోలికి వచ్చి చూశారుగా. నువ్వు లొంగలేదు. ఇంక మిగిలిందెవరు? నీ ఓట్లూ వద్దు, నీ కుర్చీ వద్దు. నేనైతే ఆ పక్కకి రాను."

"నువ్వు రాకపోతే మానెయ్" అంది హేమ, పళ్ళెం తీస్తూ. "నడవలేని ముసలాళ్ళనన్నా ఆటోలో దింపు. ఏటిగట్టు మీద అంత దూరం ఎవరు మోస్తారు వాళ్ళని?"

అతను చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళాడు. పోలింగు రోజు పొద్దున మాత్రం ఆటో తుడుచుకున్నాడు.

ముందురోజు సాయంత్రం నుంచి ఎర్రయ్య నీళ్ళు ముట్టలేదు. పోయినసారే నేర్చుకున్నాడది. నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే మళ్ళీ వచ్చేసరికి కుర్చీ ఉండదు, కుర్చీ ఉన్నా మీట దగ్గర మనిషి ఉంటాడు.

బూత్‌కు ఈసారి వచ్చిన ఆఫీసరు ఒక టీచరమ్మ. గోడ మూలన కెమెరా కూడా పెట్టారు. గదిలో ఏం జరిగినా ఎక్కడో కూర్చున్నవాళ్ళకు కనిపిస్తుందట. ఎర్రయ్య దాని వంక చూసి, మనసులో దండం పెట్టుకున్నాడు. లోపల ఎవరూ చెయ్యెత్తరు. దొరబాబు పార్టీ ఏజెంటుగా అబ్బులు కూర్చున్నాడు. ఎర్రయ్యతో కలిసి అయిదో తరగతి దాకా ఆ గదిలోనే చదివినవాడు.

"ఎంపీగారు టిఫినుకి వెళ్ళరా?" అన్నాడు అబ్బులు.

"తినొచ్చేనండి."

"ఒంటేలుకన్నా వెళ్తారుగా?"

"ఆ అవసరం లేదండి."

అబ్బులు నవ్వాడు. సత్యనారాయణమ్మ అందరికంటే ముందొచ్చి ఓటేసి వెళ్ళింది. పేటవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. పార్లమెంటు యంత్రం కీచుమంటోంది, తర్వాత అసెంబ్లీ యంత్రం కీచుమంటోంది. వీరేంద్ర ఆటో రెండుసార్లు వచ్చి ముసలాళ్ళను దింపిపోయింది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అప్పుడు వెనక కిటికీ దగ్గర పండు తల కనిపించింది. కిటికీకి అవతల ప్రహరీ, దాని అవతల కాస్త దూరంలో ఏటిగట్టు.

"ఎంపీగారూ, మీవాడు గట్టు మీద ఉన్నాడండి" అన్నాడు పండు మెల్లగా. "మిమ్మల్ని చూడాలంటున్నాడు. ఒక్కసారి వచ్చి వెళ్ళండి, బాగుంటది."

ఎర్రయ్యకు అర్థమైంది. "అయిపోయాక వస్తానని చెప్పండి" అన్నాడు.

"అంతసేపు ఉండగలడో లేదోనండి" అని పండు తల తీసేశాడు.

కొద్దిసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఆటో అద్దం పగిలిన చప్పుడు. ఆ తర్వాత వీరేంద్ర గొంతు, "ఎందుకు, నేనేం చేశాను?" అని. ఆ తర్వాత మట్ట చప్పుడు. పదిహేనేళ్ళ కిందట ఎర్రయ్య విన్న చప్పుడే అది. తడిబట్టను బండకేసి కొట్టినట్టు ఉంటుంది. దాని వెంటనే వచ్చే మనిషి అరుపు మొదట కోపంగా ఉంటుంది. రెండోది భయంగా ఉంటుంది. మూడోదానికి మాట ఉండదు.

గుమ్మంలో ఉన్న కానిస్టేబులు అటు చూశాడు, ఇటు చూశాడు. "అది గీత అవతలండి" అన్నాడు ఎవరూ అడక్కుండానే. బూత్ చుట్టూ వంద మీటర్లకు సున్నం గీత గీస్తారు. "మా డ్యూటీ ఇక్కడిదాకానే. ఫోన్ చేశాం, బండి వస్తుంది."

"నాన్నా!" అని వినిపించింది.

ఎర్రయ్య లేచాడు. లేచింది అతను కాదు, కాళ్ళు. అబ్బులు వెంటనే ఆ కుర్చీ మీద కాలు చాపి, బయట వరసకు వినబడేలా, "క్యాండిడేటుగారు వెళ్ళిపోతున్నారండోయ్!" అన్నాడు.

వరస ఒక్కసారి కదిలింది. చివరనున్న ముసలాళ్ళు గేటు వైపు తిరిగారు. గేటు దగ్గర కాచుకున్నవాళ్ళు, "వెళ్ళిపోండమ్మా, గొడవయ్యేలా ఉంది. మీ ఓట్లు మేం చూసుకుంటాం. మజ్జిగ ఉంది తాగండి" అంటున్నారు. ఎర్రయ్య రెండడుగులు వేసి గుమ్మం దాకా వచ్చాడు. ఎదురుగా, వరసలో మొదట, హేమ నిలబడి ఉంది. ఓటరు చీటీ ఆమె గుప్పిట్లో నలిగిపోయి ఉంది. పెదవుల్లో రక్తం లేదు.

"మావయ్యా, కూర్చోండి" అంది.

"వాడేనమ్మా."

"నాకూ వినబడుతుంది. మీరు కూర్చోండి."

ఇంకో అరుపు వచ్చింది. హేమ కళ్ళు మూసుకుని తెరిచింది. అడ్డం జరగలేదు, ఎర్రయ్యను ముట్టుకోలేదు. అలా నిలబడి చూస్తోందంతే. ఆమె వెనక పేట మొత్తం ఉంది. అతను ఈ గుమ్మం దాటితే వాళ్ళెవరూ ఈ గుమ్మం ఎక్కరు. దాటకపోతే గట్టు మీద కొడుకు ఉంటాడో లేదో తెలియదు. రెండిటిలో ఏది చేసినా తనను తాను క్షమించుకోలేడని ఎర్రయ్యకు ఆ క్షణంలో తెలుసు.

అతను వెనక్కి తిరిగాడు.

"కాలు తియ్యి అబ్బులూ" అన్నాడు.

ఆ ఊళ్ళో పేట బయటి మనిషిని అతను అండీ లేకుండా పిలవడం అదే మొదలు. అబ్బులు నోరు తెరిచాడు. టీచరమ్మ కెమెరా వైపు ఒకసారి చూసి, "ఆయన కుర్చీ ఆయనకివ్వండి" అంది. అబ్బులు కాలు తీశాడు. ఎర్రయ్య కూర్చున్నాడు.

హేమ లోపలికి వచ్చింది. పేరు చదివారు. సిరా పూశారు. అట్ట వెనక్కి వెళ్ళింది. కీచుమంది. రెండో అట్ట వెనక్కి వెళ్ళింది. కీచుమంది. గుమ్మంలోకి వచ్చి వరస వైపు తిరిగింది.

"ఓటేసినవాళ్ళు నాతో రండి" అని అరిచింది. "వెయ్యనివాళ్ళు లైను కదలొద్దు!"

"అమ్మా, ఇక్కడ అరవకూడదు" అని టీచరమ్మ అనేలోగానే ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పరిగెత్తుతోంది. నీడలో కూర్చున్న ఆడవాళ్ళు లేచారు. సత్యనారాయణమ్మ గొంతు ఎర్రయ్యకు వినిపించింది. మాట కాదది. వెంకన్న శవాన్ని ఇంటికి తెచ్చినరోజు కూడా ఆమె అలా అరవలేదు. వాళ్ళందరూ గేటు దాటి, సున్నం గీత దాటి, గట్టెక్కారు.

గట్టు మీద ఏం జరిగిందో ఎర్రయ్య చూడలేదు. విన్నాడు. గాజులు, తిట్లు, రాళ్ళు. మట్ట చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి అరిచింది వీరేంద్ర కాదు, పండు. "వద్దండీ, వద్దండీ, అమ్మా" అన్నాడు. ఇంకో దెబ్బ పడింది, ఆ గొంతు కూడా ఆగిపోయింది. ఎర్రయ్య కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. ఆ చప్పుడు అతనికి బాగుంది. బాగున్నందుకు తల దించుకుని, ముడవని వేళ్ళ వంక చూసుకుంటూ, యంత్రం కీచుమన్నప్పుడల్లా తలెత్తాడు.

వరస కదల్లేదు.

యంత్రాలకు సీలు వేసి, కాగితాల మీద సంతకం పెట్టేసరికి పొద్దు గూకుతోంది. గట్టు మీదికి నడిచాడు. ఆటో బోర్లా పడి ఉంది. మట్టి మీద రక్తం నల్లబడి ఉంది, ఎవరిదో చెప్పలేం. సత్యనారాయణమ్మ అక్కడే కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది. దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టింది. రెండో చెంప మీద కూడా కొట్టింది. అరిచేతులు నొప్పిపుట్టేదాకా గుండెల మీద గుద్దింది. ఎర్రయ్య చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"అమలాపురం తీసుకెళ్ళేరు" అంది తర్వాత. "ఊపిరుంది." కొంగులో కట్టుకున్న నీళ్ళ సీసా తీసి అతని చేతిలో పెట్టింది. "తాగు. చచ్చిపోతావు."

*

వీరేంద్ర చావలేదు. ఎడమ కన్ను పోయింది. కుడి మోకాలిచిప్ప మూడు ముక్కలైంది. అమలాపురం నుంచి కాకినాడ మార్చారు, ఒకసారి కోశారు, మళ్ళీ కోయాలన్నారు. పండు కూడా చావలేదు. కింది దవడ విరిగింది. హేమ మీదా ఇంకో ఎనిమిదిమంది ఆడవాళ్ళ మీదా కేసు పెట్టారు. వాళ్ళు వంతులు వేసుకుని స్టేషనుకు వెళ్ళి వస్తున్నారు.

ఓట్లు లెక్కపెట్టాక, ఒక మధ్యాహ్నం, దొరబాబు ఆసుపత్రికి వచ్చాడు. బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టాడు. వీరేంద్ర గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎర్రయ్య లేచి నిలబడి స్టూలు ఆయనకు ఇచ్చాడు. అలవాటు.

"బూత్ లెక్క వచ్చిందండీ" అన్నాడు దొరబాబు. గొంతులో నిజంగా బాధ ఉంది. "అసెంబ్లీకి మీ పేట మొత్తం మాకే వేసింది. మొత్తమంటే మొత్తం. మేం కూర్చుని నొక్కుకున్నా అన్ని పడేవి కావు. పార్లమెంటుకి మీకెన్నో తెలుసా? నాలుగు."

"ఆయ్."

"ఆ మాట ముందే ఒక్క ముక్క చెప్తే ఇదంతా ఎందుకండీ? ఆ కుర్రాడికీ ఈ కుర్రాడికీ ఇంత దెబ్బలేంటి?"

"నాకు తెలీదండి. ఎవరికేస్తారని నేను అడగలేదు."

"అడగలేదా!"

"అది వాళ్ళదండీ."

ఎర్రయ్య వెనక ఎవరున్నారన్నది దొరబాబు ఇంకా వెతుకుతున్నట్టే ఉంది. ఏమీ దొరక్క లేచాడు. "కేసులు రెండువైపులా తీసేయించేద్దాం లెండి" అని చెప్పి, కుర్రాడి పాదాల మీద దుప్పటి సర్ది, వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పుల చప్పుడు వరండాలో తగ్గిపోయింది. అంతకుముందు వారాలన్నిటిలోనూ వీరేంద్ర తండ్రితో మాట్లాడలేదు. మందు ఇస్తే మింగేవాడు, పట్టుకుంటే లేచేవాడు.

"లేచావంట" అన్నాడు గోడవైపు చూస్తూనే. "హేమ చెప్పింది."

"లేచాను."

"మళ్ళీ కూర్చున్నావంట."

"కూర్చున్నాన్రా."

ఫ్యాను కిర్రుమంటోంది. పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు. వీరేంద్ర మోచేతుల మీద ఆనుకుని, మోకాలు కదలకుండా, మెల్లగా ఇటు తిరిగాడు. ఎర్రయ్య సాయం పట్టబోతే వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"ముసలాళ్ళు కూడా వేశారా? నేను దింపినవాళ్ళు?"

"వేశారు. గంగమ్మప్పని ఇద్దరు పట్టుకొచ్చేరు. ఆవిడా వేసింది." ఎర్రయ్య గొంతు కొంచెం తేరుకుంది. కొడుకు అడిగినందుకు, ఇన్నాళ్ళకు అడిగినందుకు, మాట తొందరపడింది. "అందరూ వేశార్రా. పేటలో ఒక్కళ్ళు కూడా మిగల్లేదు."

వీరేంద్ర కట్టులేని కన్నుతో తండ్రిని చూశాడు. కోపం లేదు అందులో. ఎదుటిమనిషి ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేస్తున్నట్టు చూశాడు.

"నేను వెయ్యలేదు" అన్నాడు.